విప్పి చూసిన కెమెరా

కెమెరా కంపెనీలో, వెనక్కొచ్చిన కెమెరాలను బాగుచేసి మళ్లీ అమ్మే విభాగంలో, ఆమెది చివరి తనిఖీ బల్ల. ప్రతిదాన్నీ చెవికి ఆనించుకుని షట్టరు చప్పుడు వింటుంది. అనుమానమొస్తే మేనేజరు మొత్తుకున్నా సంతకం పెట్టదు. తమ్ముడు స్టూడియో తెరిస్తే, తన సంతకమున్న కెమెరానే కొనిచ్చింది.

"ఎవరో వాడి వదిలేసిందా అక్కా? మొదటి పెళ్లి బేరమే చెడగొట్టేట్టున్నావు," అని వాడు మూతి ముడిచాడు.

"కొత్తవాటిలో వందకొకటి విప్పి చూస్తార్రా. దీన్ని మర మరా విప్పి చూశాం."

పెళ్లివారు స్టూడియోకి వచ్చిన రోజు ఆమె అక్కడే ఉంది. పెళ్లికూతురి తండ్రి కెమెరాను అటూ ఇటూ తిప్పి, "కొత్తదేనా బాబూ?" అన్నాడు.

"కాదండీ. కంపెనీవాళ్లే బాగుచేసి అమ్మారు. పాసు చేసింది మా అక్క," అన్నాడు తమ్ముడు, ఆస్తి చూపించినట్టు ఆమెను చూపిస్తూ.

పెద్దాయన ఆమెను ఎగాదిగా చూసి, "అయితే పెళ్లి తేదీ రాసుకో," అన్నాడు.