నల్లోడికి చేసిన ఇంజెక్షన్

మొన్న అద్దంకిలో బస్సు కోసం పురుగుమందుల కొట్టు పక్కన నిలబడ్డాను. ఆ ఘాటు ముక్కుకు తగలగానే మా కుక్క నల్లోడు గుర్తొచ్చాడు.

నా చిన్నప్పుడు నాన్న పత్తికి మందు కొట్టి వచ్చి పంపు కడిగితే ఆ నీళ్ళు వాకిట్లో గుంటలో నిలిచేవి. మన ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, తెల్లగా పాలలా ఉండేవి. ఒకరోజు నల్లోడు వాటిని తాగేశాడు. కాసేపటికే నోటి వెంట నురగ వచ్చింది, కాళ్ళు వణికాయి.

పశువుల డాక్టరు ఉండేది టౌన్లో. నాన్న వాణ్ణి గోనెసంచిలో చుట్టి, మా వీధి చివర మనుషులకు వైద్యం చేసే ఆర్ఎంపీ దగ్గరికి ఎత్తుకెళ్ళాడు. వెనకే అమ్మా నేనూ.

"కుక్కకి నేనెప్పుడూ చెయ్యలేదండీ. బతికితే దాని అదృష్టం," అంటూనే ఆయన ఇంజెక్షన్ చేశాడు. మేం అక్కడే కూర్చున్నాం. సాయంత్రానికి నల్లోడు తల ఎత్తాడు.

"కుక్కలకు వేసే మందు మీ దగ్గర ఎట్లా ఉందండీ?" అనడిగింది అమ్మ.

"ఇది పురుగుమందు తాగిన మనుషులకు వేసేదమ్మా. ఈ ఏడు పత్తి పోయేట్టుంది కదా, ముందే తెచ్చి పెట్టుకున్నా," అన్నాడాయన చేతులు కడుక్కుంటూ.

నాన్న నల్లోణ్ణి మళ్ళీ గోనెసంచిలో చుట్టి ఎత్తుకున్నాడు.

ఇల్లు చేరగానే అమ్మ అటక మీది పురుగుమందు డబ్బా దించింది. ఎక్కడ దాచిందో నాన్నకు ఇప్పటికీ తెలియదు.