ముందు టైర్లు బంగారం

ఆ వీధిలో డాక్టర్లు ముగ్గురు. పట్టా ఉన్నవాళ్ళు ఇద్దరే అయినా, పెద్ద డాక్టరన్న పేరు మాత్రం మూడో ఆయనకే దక్కింది. ఆయన చూసేది టైర్లను. ఒకప్పుడు సైకిళ్ళకు గాలి కొడుతూ జీవితం మొదలుపెట్టాడు కాబట్టి జనం గాలాయన అన్నారు. కాలక్రమేణా రెండు కార్లు పట్టే షెడ్డు, కారును మనిషెత్తు లేపే జాకీ, చక్రాల వంకర చూసి చెప్పే కంప్యూటరు వచ్చాయి. ఆ కంప్యూటరును నడిపే కూతురు కూడా ఎదిగి వచ్చింది. పేరు మాత్రం ఎదగలేదు.

ఆయన టైరు చూసే పద్ధతి వేరు. లోతు కొలిచే పుల్ల ముట్టుకోడు. బండి ముందు గొంతుక్కూర్చుంటాడు. కళ్ళు మూసుకుంటాడు. కుడి చెయ్యి టైరు మీద ఆనించి, బయటి అంచు నుంచి లోపలి అంచుదాకా, పసిబిడ్డ వీపు నిమిరినట్టు మెల్లగా పోనిస్తాడు. ఆ కాసేపూ షెడ్డులో ఎవరూ మాట్లాడరు. లారీ డ్రైవర్లు సైతం బీడీ వెనక్కి దాచుకుంటారు. చివరికి కళ్ళు తెరిచి ఒక్క మాట అంటాడు: "మార్చు", లేదా "తిరుగుతుంది". అప్పీలు లేదు. పై కోర్టు లేదు. టైరు గాడుల అడుగున వెంట్రుకంత పగులుంటే, కళ్ళకు కనబడకముందే ఆ వేళ్ళకు తెలిసేదని చెప్పుకునేవారు. చెప్పుకున్నది నిజమే. ఒకప్పుడు.

ఏ ఏడాది కిందటో ఆ వేళ్ళు మొద్దుబారాయి. నట్లు విప్పే గాలి గన్ను దశాబ్దాల తరబడి చేతిలో గడగడలాడితే నరాలు మాత్రం ఎంతకాలం ఓర్చుకుంటాయి? మొదట చలి వల్ల అనుకున్నాడు. చలి వెళ్ళిపోయింది, స్పర్శ తిరిగి రాలేదు. పట్టా ఉన్న డాక్టర్లలో ఒకాయన పరీక్ష చేసి, గన్ను మానెయ్యమన్నాడు. గాలాయన బుద్ధిగా మానేశాడు. వయసైపోయిందని చెప్పి దాన్ని కూతురికి అప్పగించాడు. మానెయ్యనిది చేత్తో టైరు నాడి చూడడం. ఆ పని మానేస్తే తనలో ఇక గాలాయన ఎక్కడుంటాడు? అందుకని కళ్ళు పూర్తిగా మూసుకోవడం మానేశాడు. రెప్పల సందులోంచి చూసేవాడు. అరిగిన టైరుకూ అరగని టైరుకూ తేడా ఆ సందులోంచి బాగానే తెలిసేది. పగుళ్ళు మాత్రం తెలిసేవి కావు. కళ్ళజోడు పెట్టుకుంటే తెలిసేవేమో. వేళ్ళతో చూసేవాడు కళ్ళజోడు ఎలా పెట్టుకుంటాడు? ఈ సంగతి ఇంట్లో భార్యకు తెలియదు, షెడ్డులో కూతురికి తెలియదు.

ఇలా ఉండగా ఒక ఉదయం లెక్కల టీచరమ్మ నిమ్మపండు రంగు కారులో వచ్చింది. రెండే సీట్లు, మీట నొక్కితే టాపు మడుచుకుని వెనక్కి వెళ్ళిపోతుంది. ఆమె రిటైరై నాలుగు నెలలైంది. రిటైరైనవాళ్ళు వాలుకుర్చీ కొనుక్కోవాలిగాని ఇదేమిటని ఊరు నోరు నొక్కుకుంది. ఆమె జవాబు సిద్ధంగా ఉంది: "ముప్ఫయ్యారేళ్ళు అరవైమంది పిల్లలతో బస్సులో తిరిగాను. నా బండిలో రెండో మనిషికే చోటు. మూడో మనిషికి లేదు."

"ఏం టీచరమ్మా, టాపు ఎవరైనా పట్టుకుపోయారా?" అన్నాడు గాలాయన.

"మీ అమ్మాయికి లెక్కలు నేర్పాను గాలాయన గారూ, మీకు హాస్యం ఎవరు నేర్పారో వాళ్ళ ఫీజు వాపసు అడగండి." ఊరు మొత్తంలో ఆ పేరుకు గారు తగిలించేది ఆమె ఒక్కతే. "రేపు పొద్దున్నే మా అక్కను ఎక్కించుకుని కొండ రోడ్డు ఎక్కుతున్నాను. టైర్లు మార్చాలంటున్నారు. రెండా, నాలుగా? ఏవి వెయ్యాలి? మీరు చెప్పిందే వేదం."

తన వ్యాను వంతు కోసం బల్ల మీద కూర్చున్న పాలాయన లేచి నిలబడ్డాడు. నాడి చూసేటప్పుడు కూర్చుని ఉండడం మర్యాద కాదు.

వెనక టైర్లకు నాడి అక్కర్లేదు, బోడిగుండ్లలా మెరుస్తున్నాయి. కారు అమ్మిన పెద్దమనిషి దాన్ని గుడ్డ కప్పి తన ఇంటి షెడ్డులోనే ఉంచేవాడట. ఏడాదికి రెండుసార్లు వచ్చే ఆయన బావమరిది మాత్రం మైదానానికి తీసుకెళ్ళి, బండిని కదలనివ్వకుండా వెనక చక్రాలు గిరగిరా తిప్పి పొగ లేపేవాడట. గాలాయన ముందుకు వచ్చి గొంతుక్కూర్చున్నాడు. చెయ్యి పోనిచ్చాడు. చేతికి ఏమీ తగల్లేదు. రబ్బరు తగిలిందో గోడ తగిలిందో కూడా తెలియలేదు. రెప్పల సందులోంచి చూస్తే గాడులు లోతుగా, కొత్తవాటిలా ఉన్నాయి.

"ముందు టైర్లు బంగారం," అన్నాడు లేస్తూ. "ఇంకా ముప్ఫై వేల కిలోమీటర్లు తిరుగుతాయి. వెనక రెండూ మారిస్తే చాలు."

"ముందువి వెనక్కి, వెనకవి ముందుకీ మార్చుకోవచ్చా?"

"ఈ బండికి ముందు కాళ్ళ చెప్పుల సైజు వేరు, వెనక కాళ్ళ చెప్పుల సైజు వేరు టీచరమ్మా. అలా కుదరదు. ఇక వెనకకు రెండు రకాలున్నాయి. మెత్తటి రబ్బరైతే రోడ్డును గట్టిగా పట్టుకుంటుంది, కానీ త్వరగా అరిగిపోతుంది. గట్టి రబ్బరైతే ఏళ్ళ తరబడి ఉంటుంది, కానీ వానలో మాట వినదు."

"టీచర్లు కూడా అంతే. మెత్తటివాళ్ళు త్వరగా అరిగిపోతారు."

"మరి మీరేం రబ్బరు?"

"గట్టి రబ్బరు నాన్నా!" అంది కూతురు జాకీ పక్కనుంచి. "నన్ను అడుగు!"

"నోరు మూసుకుని నట్లు విప్పవే," అంది టీచరమ్మ, మనసులో మురిసిపోతూ. కొండ మీద వాన ఉంటుందని మెత్తటివే వెయ్యమంది.

కూతురు వెనక టైర్లు రెండూ బిగించింది. చక్రాల వంకర చూడడానికి కారును పైకి లేపి కిందికి దూరింది. చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక చేతులు తుడుచుకుంటూ తండ్రిని గాలి యంత్రం వెనక్కి పిలిచింది.

"ముందు టైర్లు పన్నెండేళ్ళవి నాన్నా. తయారైన తేదీ అంకెలు లోపలి వైపున్నాయి."

"గాడులు చూశావా? ఎంత లోతున్నాయో?"

"లోతుకేం లోటు లేదు. తిరిగితే కదా అరగడానికి. కూర్చునే ముసలివైపోయాయి. గాడుల అడుగున అంతా పగుళ్ళే, ఎండిన చెరువులాగా." తండ్రి చేతి వైపు చూసింది. "అదేంటి నాన్నా, నీ వేలికి తెలీలేదా?"

గాలాయన గాలి యంత్రం ముల్లు వైపు చూశాడు. ముల్లు సున్నా దగ్గర ఉంది. సున్నాను అంత శ్రద్ధగా చూసినవాళ్ళు లోకంలో తక్కువ.

"నాన్నా."

"తెలీలేదు. ఏమీ తెలీడంలేదు. ఏడాదైంది."

కూతురు ఆయన కుడిచెయ్యి పట్టుకుని చూపుడువేలి కొసను గోటితో గిచ్చింది. ముఖంలో ఏ కదలికా లేదు. ఇంకాస్త గట్టిగా గిచ్చింది. అప్పుడూ లేదు. అక్కడే గోటి గీత ఎర్రగా పడింది. ఆమె చెయ్యి వదల్లేదు.

"సరే, ఇలా చేద్దాం," అంది చివరికి, గొంతు తగ్గించి. "వెనక వేసినవి వేరే కంపెనీవి, ముందువాటితో జత కుదరదని చెబుదాం. ముందువి కూడా మార్చేస్తాం. టీచరమ్మ క్షేమంగా వెళ్ళొస్తుంది. నీ మాట నీకుంటుంది."

చక్కటి ఉపాయం. పాము చావదు, కర్ర విరగదు. గాలాయన తల కూడా ఊపాడు. రెండడుగులు వేశాడు. బల్ల దగ్గర నిలబడ్డ పాలాయన కనిపించాడు, పక్కనే ఆయన వ్యాను. దాని నాలుగు టైర్లకూ పోయిన నెలలోనే నాడి చూసి, "తిరుగుతాయి" అని తీర్పు చెప్పింది తనే. ఆ వ్యాను రోజూ తెల్లవారకముందే నాలుగు ఊళ్ళు తిరుగుతుంది. వ్యాను వెనక ఇంకెన్ని బళ్ళున్నాయో! టీచరమ్మకు అబద్ధం చెబితే టీచరమ్మ బతుకుతుంది. మిగతావాళ్ళకు చెప్పేవాడెవడు?

ఆయన కారు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. పెళ్ళిచూపుల్లో కూడా అంత సిగ్గుపడి ఉండడు.

"టీచరమ్మా, ముందు టైర్లు బంగారం కాదు. పనికిరావు. నేను చూడలేదు."

"చూశారుగా, నా ఎదురుగానే."

"చెయ్యి పెట్టానంతే. నా వేళ్ళు పనిచెయ్యడంలేదు. ఏడాది నుంచీ. కళ్ళు మూసుకున్నట్టు ఉండి, సందులోంచి చూసి చెబుతున్నాను."

టీచరమ్మ కళ్ళజోడు సర్దుకుని, చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని కారు కిందికి వంగింది. అంకెలు తనే చదివింది. వేలితో పగుళ్ళు తడిమింది. లేచేసరికి వేలంతా నల్లబడింది.

"రేపు పొద్దున వీటి మీద మా అక్కను కూర్చోబెట్టి కొండ దిగేదాన్ని," అంది, ఎవరితోనూ కాదన్నట్టు.

పాలాయన ఒక అడుగు ముందుకు వేశాడు. "అయితే నా వ్యాను?"

"అదీ అంతే. పైకెక్కించు, అమ్మాయి చూస్తుంది."

"నీ మాట నమ్మి పిల్లలను కూడా ఎక్కించుకున్నాను కదయ్యా అందులో! మొన్న ఆదివారం, ఐదుగురిని!"

 గాలాయన దానికి జవాబున్నట్టు నటించలేదు. ఏడాదిలో ఆయన నటించనిది అదొక్కటే.

టీచరమ్మ పమిటచెంగుతో వేలు తుడుచుకుంది. "గాలాయన గారూ, తప్పు చేసి ఒప్పుకున్న పిల్లాడికి నేనెప్పుడూ మార్కులు వెయ్యలేదు. జవాబు తప్పు తప్పే. పక్క పేజీలో మళ్ళీ చెయ్యమనేదాన్ని, అంతే. చెయ్యండి. ముందు చక్రాలకు ఏ టైర్లు వెయ్యాలి?"

ఆయన జేబులోంచి కళ్ళజోడు తీశాడు. అది అక్కడ ఉందని కూతురికి కూడా తెలియదు. టైర్ల జాబితా ముఖానికి దగ్గరగా పెట్టుకుని, వెనకవాటితో ఒకే కంపెనీవి, అదే మెత్తటి రబ్బరువి, ముందు సైజువి వెతికాడు. ఆ సైజు షాపులో లేదు. రావడానికి మూడు రోజులు పడుతుంది. టీచరమ్మ అక్కకు ఫోను చేసింది. ఫోను చెవికి ఎంత దూరం పెట్టినా ఆ అక్కగారి గొంతు షెడ్డంతా వినబడింది: "ఎగిరే బండి కొన్నావంటే సంచి సర్దుకుని గుమ్మంలో కూర్చున్నానే! ఇది నిలబడే బండా?"

"బతికుంటే మూడు రోజుల తరవాత కూడా కొండ అక్కడే ఉంటుందక్కా," అని పెట్టేసి, కారు అక్కడే వదిలి బస్టాపుకు నడిచి వెళ్ళిపోయింది.

వ్యాను టైర్లలో మూడు బాగున్నాయి. నాలుగోదాన్ని పాలాయనకు చూపించకుండానే కూతురు పక్కకు దొర్లించింది. పాలాయన చూశాడు.  కొత్తది బిగించుకుని, వెళ్ళొస్తానని చెప్పకుండా వెళ్ళిపోయాడు. పదిహేనేళ్ళలో ఆయన అలా వెళ్ళడం అదే మొదలు.

చక్రాల వంకర చూసిన ప్రతి బండికీ నంబరు, యజమాని ఫోను నంబరు, చిరునామా రాసి పెట్టుకునే అలవాటు కూతురిది. పుస్తకం తెచ్చి వెనక్కి తిప్పింది. ఈ ఏడాదిలో తండ్రి నాడి చూసినవి అరవై నాలుగు బళ్ళు తేలాయి. అందరికీ ఫోను తను చేస్తానంది. తండ్రి ఫోను లాక్కున్నాడు.

ఒకాయన తిట్టాడు. ఒకాయన నవ్వి, ఆ కారు ఎప్పుడో అమ్మేశానన్నాడు. కొన్నవాళ్ళ నంబరు అడిగితే నవ్వడం ఆపాడు. ఒకావిడ, "ఇంతకాలం ఏం చేస్తున్నారండీ?" అని అడిగింది. అందరికీ ఒకే మాట: "నేను సరిగ్గా చూడలేదు. మళ్ళీ తీసుకురండి. అమ్మాయి చూస్తుంది." మధ్యాహ్నానికి అరవై ఒక్కటి అయ్యాయి. ముగ్గురు ఫోను ఎత్తలేదు. వాళ్ళ చిరునామాలు కూతురితో కాగితం మీద పెద్ద అక్షరాలతో రాయించుకుని స్కూటరు తీశాడు.

మొదటి రెండు ఇళ్ళ దగ్గర బళ్ళు గుమ్మంలోనే ఉన్నాయి. మూడో ఇంట్లో ఒకమ్మాయి తలుపు తీసింది.

"బండి ఉందా అమ్మా?"

"మా ఆయన వేసుకెళ్ళారండీ. ఫోను ఇంట్లోనే మరిచిపోయారు. మీరెవరు?"

"టైర్లు చూసేవాణ్ణి. ఎప్పుడొస్తారు?"

"చీకటి పడేలోపు వచ్చేస్తారు. ఏమైనా చెప్పమంటారా?"

"వద్దమ్మా. నేనే చెప్పాలి," అని గాలాయన వీధి వైపు తిరిగి మెట్టు మీద కూర్చున్నాడు.