ఎవరి న్యూట్రల్ వాళ్లదే

మోకాలి చిప్ప అరిగిపోయింది, ఇక నిచ్చెన ఎక్కొద్దని డాక్టర్ చెప్పేనాటికి నాకు నలభై తొమ్మిదేళ్లు. ఇళ్ల వైరింగ్ చేసేవాణ్ని నిచ్చెన ఎక్కొద్దనడమంటే ఇంట్లో కూర్చోమనడమే. ఎల్బీ నగర్ చుట్టుపక్కల సగం అపార్ట్‌మెంట్లకు వెలుగిచ్చింది నేనేనని గొప్పలు పోయేవాణ్ని. ఆ నోటితోనే దిల్‌సుఖ్‌నగర్‌లో మోటార్లను నడిపే ప్యానెల్ డబ్బాలు తయారుచేసే ఒక షాపుకు పోయి, కూర్చుని చేసే పనేదైనా ఉందా అని అడిగాను.

షాపు యజమాని నా చేతుల వంక చూసి, "అన్నా, గిప్పటి ప్యానెళ్లు కంప్యూటర్‌తోని నడుస్తయ్. నీ చేతితోని ఒక్క సర్క్యూట్ చేసి, కంప్యూటర్‌కు కలిపి నడిపిచ్చి సూపెట్టు. శనివారం దాక టైం. నడిస్తే పనిస్తా" అన్నాడు. నడవకపోతే ఏమిటో అతను చెప్పలేదు. నాకు చెప్పనక్కర్లేదు కూడా.

చైతన్యపురిలో ఎలక్ట్రానిక్స్ నేర్పే ఒక చిన్న ఇన్‌స్టిట్యూట్‌లో నెల రోజులుగా పొద్దుటి క్లాసుకు పోతున్నాను. పాఠం చెప్పే మేడం గుంటూరు వైపు అమ్మాయి, నా కూతురి వయసుది. ఆమే సులువైన సర్క్యూట్ ఒకటి చెప్పింది. బకెట్‌లో నీళ్ల మట్టాన్ని పసిగట్టే సెన్సర్ ఒకటి, ఆ కబురును కంప్యూటర్‌కు చేరవేసే అరచేతిలో పట్టేంత బోర్డు ఒకటి. నీళ్లు పెరిగితే తెరమీద అంకె పెరగాలి, అంతే.

సెన్సర్‌కు కరెంటు బోర్డు నుంచే తీసుకోమన్నది మేడం. నాకు నచ్చలేదు. ఒక్క లైను మీదే అన్నీ వేలాడదీయడం కక్కుర్తి పని. ఇరవై రెండేళ్ల అనుభవం ఊరుకుంటుందా? సెన్సర్‌కు విడిగా ఒక అడాప్టర్ పెట్టి, ఆ అడాప్టర్ ప్లస్, మైనస్ రెండూ సెన్సర్‌కే చుట్టి, కబురు తీసుకుపోయే వైరు ఒక్కటే బోర్డులో గుచ్చాను. చూడముచ్చటగా ఉంది.

తెర మాత్రం చిందులు తొక్కింది. సెన్సర్ పొడిగా బల్లమీద పడి ఉంటే కూడా మూడు, ఆరువందలు, ఎనభై, మళ్లీ తొమ్మిదివందలు. నా చెయ్యి వైరు దగ్గరికి పోతే ఇంకా ఎగిరేవి. ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకేస్తే కాస్త తగ్గేవి. వైరు మార్చాను, సెన్సర్ మార్చాను, అడాప్టర్ మార్చాను. మీటర్ పెట్టి చూస్తే సెన్సర్ నిక్షేపంగా ఉంది, నీళ్లలో ముంచితే వోల్టు పెరుగుతోంది, తీస్తే దిగుతోంది. బోర్డూ బాగానే ఉంది. విడివిడిగా ఇద్దరూ మంచివాళ్లే, కలిస్తేనే కొట్లాట. బుధ, గురువారాలు ఇట్లాగే పోయాయి.

మా ఆవిడ చీరలకు ఫాల్ కుడుతూ అన్నీ చూస్తోంది. "గా డబ్బాతోని ఎంతసేపు కయ్యం పెట్టుకుంటవ్? జర అన్నం తిను" అన్నది. మూలుగుతూ లేచాను. నేను లేచేటప్పుడల్లా ఆమె సూది ఆగుతుంది. నాకు కనిపించదనుకుంటుంది.

శుక్రవారం మధ్యాహ్నం సిగ్గు చంపుకుని మేడంకు ఫోన్ చేశాను. అంతా విని, "బాబాయ్ గారూ, రెండింటి మైనస్‌లూ కలిపారా?" అన్నది.

నాకు ఒళ్లు మండింది. "మేడం, రెండు లైన్ల న్యూట్రల్‌లు కలుపుతరా ఎవరన్నా? నేను చేసిన ఏ ఇంట్లనన్న అడుగు. ఎవరి న్యూట్రల్ వాళ్లదే!"

నా కోపం ఊరికే రాలేదు. ఇంట్లోకి వచ్చిన కరెంటు తిరిగిపోయే వైరే న్యూట్రల్, ఏ ఫ్లాట్‌ది ఆ ఫ్లాట్‌కే ఉండాలి. పెద్ద అంబర్‌పేట్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో ఎవడో పక్క ఫ్లాట్ న్యూట్రల్ తెచ్చి ఈ ఫ్లాట్‌తో కలిపాడు. గీజర్ వేస్తే చాలు, ఇల్లంతా కరెంటు పోయేది. ఆ తప్పు పట్టుకోవడానికి రెండు రోజులు స్విచ్ బోర్డులన్నీ విప్పాను. ఆనాటి నుంచి నా దగ్గర పనిచేసిన ప్రతివాడికీ మొదట నేర్పింది ఆ ఒక్క మాటే.

"అది న్యూట్రల్ కాదండీ. కొలత మొదలయ్యే చోటు," అన్నది మేడం. "రెండు గోడల్లో ఏది ఎత్తో చెప్పాలంటే నేల ఒకటే ఉండాలి కదా. సెన్సర్ తన నేల మీంచి రెండు వోల్టులంటోంది. మీ బోర్డుకు ఆ నేల ఎక్కడుందో తెలీదు."

ఆలోచిస్తానని ఫోన్ పెట్టేశాను. ఆలోచించలేదు, గింజుకున్నాను. ల్యాప్‌టాప్ కాలిపోతే ఎట్లా అన్న భయం ఒకటి. దానికంటే పెద్దది, ఆ పిల్ల చెప్పింది నిజమైతే ఎట్లా అన్నది. చాయ్ తాగి వచ్చి, జానెడు నల్ల వైరు కత్తిరించి, ఒక చెయ్యి స్విచ్ మీదే ఉంచుకుని రెండు మైనస్‌లనూ కలిపాను.

అంకెలు టక్కున కూర్చున్నాయి. సున్నా. గ్లాసుడు నీళ్లు పోశాను, నూటయాభై. ఇంకో గ్లాసు, మూడువందల పది. బకెట్ నిండేదాకా పోసి, మళ్లీ ఒలకబోసి, మళ్లీ పోశాను. సంతోషం ఉంది, అవమానం కూడా ఉంది. మేడంకు ఫోన్ చేసి, "నువ్వు చెప్పిందే కరెక్టు మేడం" అన్నాను. ఆ మాట అనడం మోకాలి నొప్పికంటే కష్టమైంది.

శనివారం షాపులో యజమాని ముందు నీళ్లు పోశాను. అంకె పెరిగింది. అతను తలాడించి, వంగి ఆ నల్ల వైరును లాగేశాడు. అంకెలు మళ్లీ ఎగరడం మొదలుపెట్టాయి.

"గిప్పుడేమైంది?" అన్నాడు.

"కొలత ఏడికెల్లి మొదలువెట్టాల్నో బోర్డుకు తెలుస్తలేదు. సెన్సర్ మైనస్, బోర్డు మైనస్ ఒక్కటి కావాలె. నేను న్యూట్రల్ అనుకొని మూడు రోజులు కలపలే" అన్నాను. దాచాలని తోచలేదు.

అతను నవ్వాడు. "నేను గూడ వైర్‌మెన్‌నే అన్నా. నాకు వారం పట్టింది. సోమవారం రా."

ఇంటికి వచ్చి చెప్పాను. మా ఆవిడ జీతమెంతని అడగలేదు.

"కూసొని చేసే పనేనా?" అన్నది.

"కూసొనే."

ఒడిలో చీరను పక్కన పెట్టి చాలాసేపు ఏడ్చింది. మా పెళ్లయ్యాక ఆమె అంత గట్టిగా ఏడవడం నేను చూసింది అదే మొదటిసారి.