రంగనాయకి అత్త వెంట వచ్చిన మనిషి

పక్క ఫ్లాటులో ఎవరో పిండిదీపం పెట్టినట్టున్నారు. బెల్లం కలిపిన పచ్చిపిండి నేతివత్తి కింద సన్నగా కాలే ఆ వాసన తగలగానే, కోయంబత్తూరు ట్రాఫిక్కునూ ఆఫీసు పనినీ మరిచిపోయి, కినత్తుకడవు పక్కనున్న మా ఊళ్ళో తమిళుల మాసినెలలో వచ్చే కన్నెమ్మ పండగలో తేలాను. కొబ్బరితోటల మీంచి వీచే ఎండుగాలి, నానబెట్టిన బియ్యం రోట్లో దంచే చప్పుడు, ఉడకేసిన వేరుశనక్కాయలు ఒడినిండా పోసుకుని గచ్చకాయలాడే మేము, ఎవరి చెయ్యి పిండిగిన్నె వైపు కదిలినా తల తిప్పకుండానే పసిగట్టే మా అవ్వ, ఇదంతా కలిస్తేనే ఆ పండగ.

కన్నెమ్మ మా వంశంలో పుట్టిన పిల్లేనట. ఎప్పుడో ఉత్తరాన ఒక రాజు ఆమెను పెళ్ళాడతానని పట్టుబడితే, ఆ పిల్ల ససేమిరా అంటే, మావాళ్ళు ఇల్లూ పొలమూ వదిలేసి నదులు దాటి ఇటు వచ్చేశారట. ఆమెకు దీపం పెట్టేటప్పుడు లోపల ఇంటిమనుషులే ఉండాలి, ఎంత దగ్గరివాళ్ళయినా మిగతా అందరూ వాకిట్లోనే.

మా నాన్న చెల్లెలు రంగనాయకి అత్త పెళ్ళి వద్దని కోయంబత్తూరు నూలుమిల్లులో పనికి చేరింది. అక్కడే సెల్వి పరిచయమై, ఇద్దరూ కలిసి ఒక గది తీసుకున్నారు. ఇద్దరాడవాళ్ళు ఎందుకు కలిసి ఉంటున్నారని అడిగే తీరిక ఆ సందులో ఎవరికీ లేదు. మా ఊళ్ళో అందరికీ అదే పని. వాళ్ళది ఆలుమగల మధ్య ఉండే ప్రేమేనని నాకు కాలేజీకి వెళ్ళాక గానీ అర్థం కాలేదు. అవ్వకు మాత్రం ఎవరూ చెప్పకుండానే తెలుసు.

ఒక ఏడు పండక్కి అత్త సెల్విని వెంటబెట్టుకొచ్చింది. మా పెదనాన్న గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"టౌన్లో మీరు ఎట్లన్నా ఉండండి. ఆ పిల్ల లోపలికి రాగూడదు."

"అట్లయితే నేనూ రాను అన్నా," అంది అత్త.

సెల్వి పూలపొట్లం పట్టుకుని నేలచూపులు చూస్తోంది. నాకు ఏడుపొచ్చేసింది. అవ్వ పిండిచేతులతోనే లేచి వచ్చింది.

"వద్దన్న పెండ్లి చెయ్యగూడదనే గదరా మనోళ్ళు ఊరిడిసి వచ్చింది? ఆ కన్నెమ్మకి మొక్కేవాడివి, నా బిడ్డని వాకిట నిలబెడతావా? ఉళ్ళ వామ్మా, సెల్వీ!"

చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి, తన పక్కనే కూర్చోబెట్టుకుంది. పెదనాన్న తప్పుకున్నాడు గానీ, ఆ తర్వాత ఏ పండక్కీ సెల్వితో ఒక్కమాటయినా మాట్లాడలేదు.

ఇప్పుడు అవ్వ లేదు. వేరుశనగ చేలన్నీ ఇళ్ళ ప్లాట్లయ్యాయి, గచ్చకాయలంటే ఏమిటని మా పిల్లలు అడుగుతున్నారు. పోయిన నెల సెల్వి కూడా పోయింది. మాలో ఇంటిమనిషి పోతే తీట్టు, అంటే మైల; ఆ ఏడు సామి లేదంటారు, కన్నెమ్మకు దీపం పెట్టం. స్నేహితులు పోతే ఆ పట్టింపు లేదు. పండగ దగ్గరపడుతున్నా అత్త తనంతట తాను ఎవర్నీ ఏమీ అడగలేదు. ఎవరైనా మామూలుగా పిండి దంచడం మొదలుపెడితే ఆమె ఏమైపోతుందోనని నాకు ఒకటే దిగులు.

నిన్న పెదనాన్న ఫోను చేశాడు. వయసు మీదపడి గొంతు వణుకుతోంది. బంధువులందరికీ తనే వరసగా చేస్తున్నాడట.

"ఈ ఏడు సామి లేదు పాపా. మనింట్లో తీట్టు."