ఆయమ్మ వేలికి గుచ్చుకున్న సూది

రెండు వేల ఆరు. తమిళనాడులోని ధర్మపురిలో, బస్టాండుకు కాస్త ఎడంగా ఉన్న ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. ల్యాబ్ అంటే మెట్ల పక్కన చిన్న గది. ఒక మైక్రోస్కోపు, ఒక ఫ్రిజ్, రక్తాన్ని గిరగిరా తిప్పి సీరం వేరుచేసే సెంట్రిఫ్యూజు. రోజంతా గర్భిణుల రక్తం, జ్వరాల రక్తం, షుగరు రక్తం. మాది ఏ. పళ్లిపట్టి. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. తెలుగు రాయడం మాత్రం చాలా తర్వాత, కాపురం చిత్తూరుకు మారాక, మా అమ్మాయి ఒకటో తరగతి పుస్తకం పక్కన కూర్చుని నేర్చుకున్నాను. అందుకని ఇందులో అక్కడక్కడా మా ఊరి మాట దొర్లుతుంది.

ఆ నర్సింగ్ హోమ్‌లో నాతో తెలుగు మాట్లాడే మనిషి ఒక్కతే, మునిలక్ష్మి. పేరు మార్చి రాస్తున్నాను. వార్డులో ఆయమ్మ. పక్కలు మార్చడం, నేల తుడవడం, చెత్త ఎత్తడం ఆమె పని. కడత్తూరు నుంచి పొద్దున బస్సుకు వచ్చి సాయంత్రం బస్సుకు పోయేది. భర్త గోవిందు కడత్తూరులోనే కొబ్బరికాయల మండీలో మూటలు ఎత్తేవాడు. పది నెలల ఆడబిడ్డను అత్త దగ్గర వదిలి వచ్చేది. మధ్యాహ్నానికి పాలు నిండి రవిక తడిసేది. కొంగు ముందుకు లాక్కుని, "పాప లేచినట్టుందక్కా. దానికి ఆకలైతే నాకు తెలిసిపోతాది" అని నవ్వేది.

ఒకరోజు భోజనాల వేళ ఆమె ల్యాబ్ తలుపు దగ్గర నిలబడింది. ఎడమచేతి చూపుడువేలిని కుడిచేత్తో గట్టిగా పిండుతోంది.

"అక్కా, ఊసి గుచ్చుకొనె."

సూదిని మావైపు ఊసి అంటాం.

"పిండొద్దు" అన్నాను లేస్తూనే. "వదిలెయ్. ఇట్లా రా."

"పిండితే చెడ్డ రక్తం పోతుంది కదా?"

"పోదు. పిండితే లోపల కండ ఇంకా నలుగుతుంది, అంతే."

ఆమె చేతిని కొళాయి కింద పెట్టి సబ్బుతో కడిగించాను. నీళ్లు పోతూనే ఉన్నాయి, ఆమె చెబుతూనే ఉంది. మూల గదిలో చెత్త కవరు మూతి కట్టి ఎత్తుతుంటే కవరులోంచి సూది పొడుచుకొచ్చి వేలిలో దిగింది. వాడిన సూది చెత్త కవరులో ఉండకూడదు. కట్టర్‌తో ముక్క చేసి, గుచ్చుకోని గట్టి డబ్బాలో వెయ్యాలి. ఎవరి తొందరలో అది కవరులో పడిందో ఆ రోజు తేలలేదు. తేల్చుకునే తీరికా లేదు. అది డ్రిప్పు పెట్టే సూది, లోపల బోలుగా ఉంటుంది. కుట్టు సూదికంటే ఇలాంటి సూదితో భయం ఎక్కువ, ఎందుకంటే ఆ గొట్టంలో రోగి రక్తం నిలిచి ఉంటుంది.

దీన్ని మా పనిలో నీడిల్ స్టిక్ ఇంజురీ అంటారు. మొదటి ప్రశ్న ఒక్కటే: ఆ రక్తం ఎవరిది?

మూల గదిలో ఆ రోజు ఉన్నది ఒకే రోగి. ముప్పై దాటిన మనిషి, బోర్‌వెల్ లారీతో పాటు ఊళ్లు తిరిగే పని. ముందురోజు విడవని దగ్గు, జ్వరంతో చేరాడు. నర్సింగ్ హోమ్ నడిపే డాక్టరమ్మకు విషయం చెప్పాను. ఆమె తమిళంలో, "వెళ్లి అడుగు. ఒప్పుకుంటేనే రక్తం తియ్యి, బలవంతం వద్దు" అని, తనూ నా వెనకే వచ్చింది.

ఆయన గోడకు ఒరిగి కూర్చున్నాడు. మా ఆయమ్మకు మీ సూది గుచ్చుకుంది, ఒక పరీక్షకు రక్తం ఇస్తారా అని తమిళంలోనే అడిగాను. ఆయన నా ముఖం చూశాడు, డాక్టరమ్మ ముఖం చూశాడు. తర్వాత తెలుగులో మాట్లాడాడు. తీర్థమలై దిక్కు మనిషట. మునిలక్ష్మీ నేనూ మాట్లాడుకునేది పడుకునే వింటున్నాడట.

"పరీక్ష ఏమీ వద్దమ్మా. నాకు ఉండాది."

"ఏముంది?"

"హెచ్చైవీ. సేలంలో చూసి చెప్పినారు. ఇక్కడ చెప్తే చేర్చుకోరని చెప్పలా. ఇంతకు ముందు ఒకచోట చెప్తే బయటికి పంపినారు." కాస్త ఆగి అడిగాడు. "పొద్దున పాప గురించి చెప్తా ఉన్నింది, ఆ అమ్మేనా?"

అవునన్నాను.

"అయితే నిలబడొద్దండి. ఆ అమ్మకు వెంటనే మందియ్యండి. దానికి మందుండాదంట, నాకు సేలంలో చెప్పినారు."

నేను డాక్టరమ్మకు తమిళంలో చెబుతుండగానే ఆయన మంచం దిగి, కొక్కేనికి వేలాడుతున్న చొక్కా అందుకున్నాడు. పొమ్మంటారని ఆయనకు అనుమానమే లేదు.

"ఎక్కడికి? జ్వరం తగ్గిందా?" అంది డాక్టరమ్మ. "చొక్కా అక్కడ పెట్టి పడుకో." ఆయన నిలబడే ఉన్నాడు. ఆమె చెయ్యి పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టింది. ఆయన అనుమతితోనే రక్తం తీసి పరీక్ష కార్డు మీద వేశాను. రెండు గీతలూ వచ్చాయి, అంటే ఉన్నట్టే. కాని ఆ గీతల కోసం మేం కాచుకుని కూర్చోలేదు. అప్పటికే ఆటో గుమ్మంలో ఉంది.

ప్రభుత్వ ఆసుపత్రిలో ఈ మందు ఉంటుంది. పేరు పెప్, అంటే సోకే ప్రమాదం జరిగాక, సోకకముందు వేసుకునే మందు. డెబ్బై రెండు గంటల్లోపు మొదలుపెట్టాలి, ఎంత ముందైతే అంత మేలు. అక్కడి డ్యూటీ డాక్టరు రెండు ప్రశ్నలడిగి, ముందుగా మాత్ర చేతిలో పెట్టి మింగించి, తర్వాతే మిగతా వివరాలు రాసుకున్నాడు. నాకు ఇప్పటికీ ఆయనంటే గౌరవం. మొదటి రక్త పరీక్షా అప్పుడే చేశారు. ఇంతకు ముందునుంచే ఏమైనా ఉందా అని చూడడానికి. లేదు.

బయట వేపచెట్టు కింద గట్టు మీద కూర్చున్నాం. మునిలక్ష్మి చేతిలో మాత్రల సీసా.

"ఇది మింగితే పురుగు చచ్చిపోతుందా అక్కా?"

చావదు. అదే ఆమెకు అర్థమయ్యేలా చెప్పాలి. హెచ్‌ఐవి రిట్రోవైరస్ అనే జాతిది. రిట్రో అంటే వెనక్కి. మన శరీరంలో ప్రతి కణానికీ డీఎన్ఏ అనే మూలప్రతి ఉంటుంది. దాన్ని చూసి ఆర్ఎన్ఏ అనే నకలు తయారవుతుంది, నకలు చెప్పిన పని కణం చేస్తుంది. ఈ వైరస్ దగ్గర ఉన్నది నకలు మాత్రమే. అది రక్తంలోని కాపలా కణాల్లో దూరి, తన నకలునుంచి తిరగేసి మూలప్రతిని తయారుచేస్తుంది. ఆ తిరగరాత పని చేసే ఎంజైము పేరు రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్. అలా తయారైన ప్రతిని మన కణం మూలప్రతిలోనే అతికించేస్తుంది. అతుక్కున్నాక ఇక దాన్ని ఊడదీసే మందు లేదు. కాపలా కణాలు ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా తగ్గిపోతాయి, టీబీ లాంటివి లోపలికి వస్తాయి. అదే ఎయిడ్స్. ఈ జాతిలోనే హెచ్‌టీఎల్‌వి అని ఇంకొకటుంది. అది చాలామందిలో ఏ హానీ చెయ్యకుండా ఉండిపోతుంది, కొద్దిమందికి మాత్రం ఎన్నో ఏళ్ల తర్వాత రక్త కాన్సరో, కాళ్లు బిగుసుకుపోయే జబ్బో తెస్తుంది. దాని పద్ధతీ ఇదే, కణంలో అతుక్కుపోవడం.

ఆమెకు ఇంత చెప్పలేదు. "మామిడికి ఒట్టు కడతారు కదా" అన్నాను. అంటు కట్టడాన్ని మావైపు ఒట్టు కట్టడం అంటారు. "కొమ్మ పట్టుకుందంటే ఇక ఆ చెట్టుకు ఆ కాయే. పట్టుకోకముందు కట్టు విప్పేస్తే కొమ్మ ఎండిపోతుంది, చెట్టు చెట్టుగానే ఉంటుంది. ఈ మాత్ర ఆ కొమ్మను పట్టుకోనియ్యదు. అందుకే నెల్నాళ్లు ఒక్క పూటా తప్పకూడదు."

"పట్టుకునుంటే?"

"ఇలాంటి పోట్లు కొన్ని వందలు పడితే ఒకరికి సోకుతుందంటారు. మందు వేసుకుంటే ఇంకా తక్కువ. నువ్వు వేసేసుకున్నావు కదా."

ఆమె తలూపింది. అంతవరకూ ఏడవలేదు. "పాపకు పాలియ్యొద్దన్నాడు డాక్టరు" అన్నప్పుడు ఏడ్చేసింది. వైరస్ తల్లి పాలలోనూ వెళ్తుంది. తేలేదాకా ఆరు నెలలు వద్దు. "పొద్దున్నుంచీ చూస్తా ఉంటాది అక్కా. నేను పోతానే మీదికొస్తాది. ఎట్లా ఆపేది?"

ఆ సాయంత్రం ఆమెతో నేనూ కడత్తూరు బస్సెక్కాను. ఆమె అనుకున్నట్టే పాప గడపలోనే చేతులు చాచింది. మునిలక్ష్మి ఎత్తుకోకుండా గోడవైపు తిరిగి నిలబడింది. పాప గుక్క పట్టింది. అత్త ఒకసారి కోడలిని, ఒకసారి నన్ను చూసింది.

"ఏమైంది దీనికి?"

"ఆసుపత్రిలో దెబ్బ తగిలింది అత్తా" అన్నాను. ఎవరికి ఏం చెప్పాలో దారిలో మునిలక్ష్మే తేల్చింది, మొగుడికి అంతా, అత్తకు మందు సంగతి మాత్రం. "గట్టి మందు వేసినారు. పాలలో దిగుతుంది, బిడ్డకు మంచిది కాదు. పాలు మాన్పించాల."

అత్త ఇంకేమీ అడగలేదు. పాపను చంకనేసుకుని వంటింట్లోకి పోయింది. రాగి జావలో బెల్లం వేసి కలుపుతూ, "పది నెలలైంది కదా, తింటాది. తాగినంత తాగింది" అంది, ఎవరితోనో అన్నట్టు.

గోవిందు వచ్చాక పెరట్లో ముగ్గురం నిలబడ్డాం.  అంతా విన్నాక అతనిది ఒకటే పట్టు. "ఎవుడిది ఆ ఊసి? పేరు చెప్పు."

"చెప్పను" అంది మునిలక్ష్మి.

"నాకు కూడానా?"

"తెలుసుకుని ఏమి చేస్తావు, పోయి కొడతావా? ఆయన దాచిపెట్టుంటే నేను రేపటికి నేల ఊడ్చే పొరక పట్టుకుని పనికి పోయుంటాను. ఆయన నోరు తెరిచి చెప్పినాడు కాబట్టి మాత్ర దొరికె. పేరు నా నోట్లోంచి రాదు."

రోగి సంగతి బయట పెట్టకూడదని మాకు చదువులో చెప్పారు. ఆమెకు ఎవరూ చెప్పలేదు. నేను చెప్పేలోపే ఆమె ఆ మాట అనేసింది.

ఆ నెల కష్టంగానే గడిచింది. ఆ మాత్రకు కడుపులో తిప్పుతుంది, తలనొప్పి వస్తుంది. పైగా రొమ్ములు గడ్డకట్టి జ్వరం. ఉదయం మాత్ర నా ఎదురుగా మింగేది, సాయంత్రం మాత్ర ఇంటి దగ్గర. ఒకరోజు మింగిన మాత్ర మింగినట్టే కక్కేసి, "చాలక్కా, రాసినట్టు అవనీ" అని నేలమీద కూలబడింది. ఇడ్లీ తినిపించి, కాసేపాగి మళ్లీ ఇచ్చాను. గోవిందు మొదటి వారం మండీలోనే పడుకున్నాడు. నేను ఏదేదో ఊహించుకున్నాను. రెండో వారం పొద్దున బస్సు దిగేటప్పుడు అతనూ వెంట ఉన్నాడు. "పక్కన ఉంటే దానికి పాప ముందర ఏడుపొస్తాది, నాకూ వస్తాది, అందుకే పోయినా" అని తల వంచుకుని చెప్పాడు. ఆ తర్వాత మాత్ర వేళకు మండీ నుంచి ఎవరి ఫోను దొరికితే ఆ ఫోనుతో నర్సింగ్ హోమ్‌కు చేసి, "మింగిందా?" అని అడిగి పెట్టేసేవాడు.

మందు అయిపోయినా భయం అయిపోలేదు. మేం చేసే పరీక్ష వైరస్‌ను చూడదు. వైరస్‌మీద శరీరం తయారుచేసుకునే యాంటీబాడీని చూస్తుంది. అది తయారవడానికి వారాలు పడుతుంది. ఆ మధ్య కాలాన్ని విండో పీరియడ్ అంటారు. అప్పుడు కార్డు "లేదు" అన్నా నమ్మడానికి లేదు. అందుకే ఆరు వారాలకు, మూడు నెలలకు, ఆరు నెలలకు చూడాలి. మొదటి రెండుసార్లూ లేదనే వచ్చింది. అయినా ఆమె పాపను ముద్దు పెట్టుకోవాలన్నా నన్నడిగేది. పెట్టుకో, ముద్దుకు రాదు, పక్కన పడుకుంటే రాదు, ఒకే గిన్నెలో తింటే రాదు అని ఎన్నిసార్లు చెప్పానో.

ఆరు నెలల పరీక్షకు ఇంటిల్లిపాదీ వచ్చారు. అత్త కూడా. మెట్ల మీద కూర్చున్నారు. కార్డు మీద సీరం వేసి, మునిలక్ష్మిని పక్కనే నిలబెట్టుకున్నాను. కార్డు సరిగా పనిచేస్తోందని చెప్పే గీత ముందు తేలింది. రెండో గీత రావాల్సిన చోటు తెల్లగా ఉంది. సమయం పూర్తయ్యేదాకా చూశాం. తెల్లగానే ఉంది. డాక్టరమ్మను పిలిచాను. ఆమె చూసి, మునిలక్ష్మి వీపు తట్టి, "ఇక అయిపోయిందమ్మా, ఏమీ లేదు" అంది.

మునిలక్ష్మి నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని, "ఇంక పాలియ్యొచ్చా అక్కా?" అని అడిగి, అడిగిన మరుక్షణమే నవ్వేసింది. పాలు ఎప్పుడో ఇంకిపోయాయి. పాప మెట్ల దగ్గర నాయనమ్మ చేతిలోంచి జారి, వరండాలో పరుగెడుతోంది. చేతిలో సగం కొరికిన మురుకు.

గోవిందు పాప వెనకే పోయి ఎత్తుకున్నాడు. అత్త మాత్రం నా దగ్గరకొచ్చి మెల్లగా, "నాకు అప్పుడే తెలుసు ఏ జబ్బని. అడిగితే అది ఇంకా బయపడతాదని అడగలా" అంది.

పోతూ పోతూ మునిలక్ష్మి వెనక్కి వచ్చింది. "ఆయనకు చెప్తావా? ఎక్కడుండాడో ఏమో."

ఉన్నాడు. సేలంలో ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే మందులు వాడుతున్నాడు. ఆ రోజు మేం బయటికి పంపకపోవడంతో, ఎప్పుడు జ్వరమొచ్చినా మా దగ్గరికే వచ్చి, వార్డులో చేరకుండా చూపించుకుని పోయేవాడు. తర్వాతిసారి వచ్చినప్పుడు చెప్పాను. ఆయన బల్ల మీద కూర్చుని రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. "ఇన్నాళ్లూ నిద్ర పట్టలేదమ్మా" అన్నాడు. చెంపలు నిండి, ఒళ్లు చేసి ఉన్నాడు.

తర్వాత మా నర్సింగ్ హోమ్‌లో ప్రతి గదికీ సూదుల డబ్బా వచ్చింది. ఆయమ్మలకు మందపు గ్లవ్స్ వచ్చాయి. అవి రావాల్సినవే, ఆలస్యంగా వచ్చాయి. నాకు మాత్రం మిగిలిన పాఠం వేరు. వైరస్ ఎలా దూరుతుందో, ఎక్కడ అతుక్కుంటుందో నేను పరీక్ష రాసి పాసయ్యాను. కాని ఆ రోజు మాకు అన్నిటికంటే ముందు కావలసినది ఒక రోగి నోట్లోంచి వచ్చే నిజం. అది, ఒకసారి నిజం చెప్పి బయటికి గెంటించుకున్న మనిషి దగ్గర ఉంది. ఆయన ఎందుకు చెప్పాడంటే ఒక పాప ఆకలి గురించి విన్నాడు కాబట్టి. అలాంటి కారణం ప్రతిసారీ దొరకదు. అందుకని అప్పటినుంచి ఎవరైనా నా ముందు చెయ్యి చాచి కూర్చుంటే, రక్తం తీసేముందు ఒక మాట చెబుతాను: "ఏమున్నా చెప్పండి. ఇక్కడినుంచి మిమ్మల్ని ఎవరూ పొమ్మనరు."