నోరులేని రోబోలకు రొట్టె

బురుల్కాన్ అక్కకు ఉన్నది ఒకే ఒక్క పిచ్చి: రొట్టె కొరకనిదే ఎవరినీ గడప దాటి బయటికి పోనివ్వదు. మా బిష్కెక్ నగరంలో ప్రతి ఇంట్లోనూ ఉన్న ఆచారమే అది. కానీ ఈవిడ మీటరు చూడటానికొచ్చినవాణ్ణీ వదల్లేదు, పొరపాటున తలుపు కొట్టినవాణ్ణీ వదల్లేదు. మా స్టూడియోలో దూరిన దొంగ కూడా రొట్టె కొరికే బయటపడ్డాడంటే ఎవరూ నమ్మరు. ఇంకో ముక్క అడిగాడంటే అసలే నమ్మరు.

ఆ చలికాలం మా బొమ్మల సినిమా స్టూడియోకి ఆఖరిదయ్యేలా ఉంది. శుక్రవారం సాయంత్రానికి రోబోల సినిమా అప్పజెప్పకపోతే మా రెండు గదులూ గోదాముకిచ్చేస్తామన్నారు పై అధికారులు. హీటరు పనిచెయ్యదు. కిటికీ బయట బొగ్గుపొగ. కథా అలాంటిదే: మూతపడ్డ ఫ్యాక్టరీలోంచి ముసలి రోబోలు ఒక్కొక్కటే వెళ్ళిపోతాయి. ఆ రేకు రోబోలను చేసింది అక్క. వాటిని వెంట్రుకవాసి కదపడం పెద్దాయన జకీప్ పని. కదిపిన ప్రతిసారీ నేనొక ఫోటో తీయాలి. అలా వందల ఫోటోలు తీస్తేగాని ఒక రోబో గడప దాటదు.

దాటాలంటే రొట్టె కొరకాలిగా.

"ఆగండి," అనేది అక్క. "ఇది వెళ్ళిపోతోంది. కాస్త రొట్టె పెట్టాలి."

"దానికి నోరేదక్కా?" అనేవాడు దర్శకుడు అసాన్‌కుల్, తల పట్టుకుని.

"నోరు పెట్టడం మర్చిపోయింది నేను. శిక్ష దానికా?"

రేకు మొహానికి రొట్టె ఆనించి, మాకందరికీ తలో ముక్క పంచి, జకీప్ చేతుల్లో వేడి టీ గిన్నె పెట్టేది. అది చల్లారేదాకా పని బంద్.

బుధవారం మరీ శ్రుతిమించింది.

"ఇప్పుడేంటి? ఇది ఎక్కడికీ పోవట్లేదు, నిలబడే ఉంది," అన్నాడు అసాన్‌కుల్.

"మనసులో బయల్దేరింది."

"మా కొంప ముంచి గాని వదలవా?" ఎంత కోపంలోనూ వాడు రొట్టెను విసరలేదు. నుదుటికి ఆనించి, అలమరలో పెట్టి తాళం వేశాడు.

ఆ పూట మరి ఆగింది లేదు. జకీప్ వేళ్ళు మొదట సన్నగా వణికాయి, తర్వాత మోచేతుల దాకా. రోబో భుజం ఊడిపడింది. పొద్దుటి నుంచి చేసిందంతా పోయింది. అసాన్‌కుల్, నేనూ అక్క వంక చూశాం. అక్క జకీప్ వంక చూస్తోంది. జకీప్ నేల చూస్తున్నాడు.

ఆవిడ 'ఆగండి' అన్నది రోబో వెళ్ళేటప్పుడు కాదు, ఆ చేతులు వణకబోయేటప్పుడు. ఆలస్యానికి తిట్లన్నీ తను తింది.

"నన్ను ఇంటికి పంపేయి," అన్నాడు జకీప్.

అసాన్‌కుల్ వెళ్ళి అలమర తాళం తీశాడు. "నాకు ఆకలేస్తోంది," అన్నాడు, ఎవరి మొహమూ చూడకుండా.

శుక్రవారం అప్పజెప్పాం. వణికిన చోట్లు దిద్దే తీరిక లేకపోయింది. చూడటానికొచ్చిన అధికారిణి చివరిదాకా కదల్లేదు.

"ఆ రోబోలు చలికి వణుకుతుంటే నాకే చలేసింది. ఎలా చేశారది?" అంది.

అసాన్‌కుల్ గొంతు సవరించుకున్నాడు. "చాలా కష్టమండీ. ఊరు మొత్తానికి ఒక్కడికే వచ్చు."

మాకు ఒక గది మిగిల్చారు. జకీప్ మాత్రం ఆ రోజు నుంచి చేతులు జేబుల్లో పెట్టుకునే తిరుగుతున్నాడు, ఎవరైనా విద్య కాజేస్తారని.