రాపులా ఊదిన బూర

గోలు పడితే ఊరంతా బూరలు ఊదుతుంది. రాపులా మాత్రం ఊదడు. మనవాళ్ళు గోలు కొడితే నోరు మూసుకుని క్యాబేజీ నములుతాడు. అవతలివాళ్ళు కొడితే తన వువుజెలా బూర పైకెత్తి, కళ్ళు బైటికొచ్చేలా ఊదుతాడు. ఆ ఊదుడికి మన బోత్షబేలో ఊళ్ళో పావురాలు కాపురాలు మార్చేశాయి.

"బాబాయ్, అసలు నువ్వెవరి మనిషివి?" అని కుర్రాళ్ళు అడుగుతారు.

"మనవాళ్ళ మనిషినేరా!"

"మరి మనం ఓడితే ఆ పండగేంటి?"

ఇంకో క్యాబేజీ ఆకు నోట్లోకి వెళ్తుంది. "మిమ్మల్నిలా నమిలేస్తాం" అని అవతలివాళ్ళని బెదిరించడానికి అందరూ క్యాబేజీ తెస్తారు. ఈయన ఆకలికి తింటాడు. ఒకసారి ఒళ్ళుమండి అభిమానుల బస్సులోంచి దింపేస్తే, అవతలి జట్టు బస్సెక్కి వచ్చాడు. వాళ్ళు పాపం తమవాడే అనుకుని భోజనం కూడా పెట్టారు.

ఈ మనిషి పేరు చెబితే దిసేబోకి అరికాలి మంట నెత్తికెక్కేది. ఎక్కదూ మరి! మన రోవర్స్ జట్టు గోల్‌కీపర్ లెఫా ఆవిడ కొడుకు. వాడు గోలు వదిలిన ప్రతిసారీ సరిగ్గా వాడి వీపు వెనకే ఆ బూర మోగేది. సగం ఆట అయ్యాక లెఫా అటువైపు గోలుకి మారితే, రాపులా కూడా క్యాబేజీ చంకనపెట్టుకుని మైదానం చుట్టూ తిరిగి అక్కడికే చేరేవాడు.

"నా బిడ్డ వెంటపడి మరీ వెక్కిరిస్తాడమ్మా, ముసలాడు!" అని పళ్ళు నూరేది.

ఆ శనివారం గెలిస్తేనే రోవర్స్ లీగులో మిగిలేది. ఓడితే జట్టులో చోటు మర్చిపొమ్మని లెఫాకి కోచ్ ముందే చెప్పేశాడు. ఆట సమమై పెనాల్టీల దాకా వచ్చింది. దిసేబో గోలు వెనకే వచ్చి నిలబడింది. పక్కన రాపులా బూర తుడుచుకుంటున్నాడు. ఆవిడకి ఒళ్ళు తెలియలేదు. బూర లాక్కుని, చలికి కప్పుకున్న దుప్పట్లో దాచేసింది.

"అమ్మాయ్! ఇవాళొద్దు, ఇచ్చెయ్!"

"చస్తే ఇవ్వను! ఇవాళ నా కొడుకుని ఏడిపించనివ్వను!"

అంతలోనే లెఫా చేతుల్లోకి వచ్చిన బంతి జారి లోపలికి పోయింది. మన జనమే బూరలు దించి తిట్లకి దిగారు. ఊదే నోటితో తిట్టలేరుగా!

"ఓరి జల్లెడ చేతులోడా!"

"పోయి మీ అమ్మ దుప్పట్లో దూరి పడుకో!"

ఆ మాటలన్నీ దిసేబో మొదటిసారి విన్నది. లెఫా కూడా విన్నాడు. వాడి తల అలా వాలిపోయింది.

"బాబాయ్... రోజూ ఇలాగే తిడతారా?"

"రోజూ ఇంతకన్నా బాగా తిడతారమ్మా. ఇవాళ చలికి నోళ్ళు పట్టేశాయి."

అయ్యో, ఇన్నాళ్ళూ ఈయన కప్పిపెట్టింది ఇదా! దిసేబో గబగబా దుప్పట్లోంచి బూర లాగింది. "ఊదు బాబాయ్, ఊదు!"

రాపులా బుగ్గనిండా క్యాబేజీ. నమల్లేడు, మింగలేడు. అక్కడ ఆఖరి పెనాల్టీకి అవతలివాడు బంతి పెట్టేశాడు. లెఫా ఆపితే గెలిచినట్టే. తిట్లు ఇంకా ఆగలేదు. దిసేబో తనే బూర నోట పెట్టుకుని ఊపిరంతా ఊదేసింది. జబ్బుచేసిన గాడిద గొంతులా వచ్చింది. అయినా ఆపలేదు. లెఫా వెనక్కి తిరిగి చూశాడు. బూర వెనక అమ్మ! వాడికి నవ్వాగలేదు. నవ్వుతూనే గోలులో నిలబడ్డాడు.

అవతలివాడు తన్నాడు. లెఫా కుడివైపు దూకాడు. బంతి వేళ్ళకి తగిలి, గోలుకర్రకి కొట్టుకుని, బైటికి పోయింది.

"లెఫా! లెఫా!" జల్లెడ అన్న నోళ్ళే కేకలు. ఆ సందట్లో రాపులా ఒక్కడే తాపీగా నములుతున్నాడు.

దిసేబో కళ్ళు తుడుచుకుంది. "ఇప్పుడైనా ఊదవేం బాబాయ్?"

"ఇప్పుడెందుకమ్మా? వాడు వినాల్సిన మాటలేగా అంటున్నారు. విననీ. ఆ బూర ఇలా ఇవ్వు, ఇంటికెళ్దాం."

దిసేబో దాన్ని మళ్ళీ దుప్పట్లో దోపుకుంది.

"ఇవ్వను. నీకు క్యాబేజీ ఉందిగా!"